చాయ్‌లో పై సగం

షమీమ్,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఇవాళ నేనొక చాయ్ క్లబ్బులో చేరాను, నవ్వకు. మా కొల్లూరు కాలనీలోనే. పాతకాలపు ఇంగ్లీషు దొరసానుల్లా టోపీలు పెట్టుకుని, లేసు గ్లౌజులు తొడుక్కుని చాయ్ తాగుతారు. మందుల ఫ్యాక్టరీలో మనకు గ్లౌజులు విప్పితేనే చాయ్, ఇక్కడేమో తొడుక్కుంటేనే!

పాలు వేరే, డికాక్షన్ వేరే తెచ్చి పెట్టారు.

"మరి గిది మరిగేదెప్పుడు బిడ్డా?" అని అడిగాను. క్లబ్బు నడిపే శ్రావణి పడీపడీ నవ్వింది.

చక్కెర బిళ్లలు వేసుకున్నాను. కలపకుండానే, క్యాంటీన్లో నువ్వు చేసినట్టే, పై సగం పక్కనున్న ఖాళీ కప్పులో పోశాను.

"ఇంకెవరన్న వస్తున్నరా ఆంటీ?" అంది శ్రావణి.

"లేదు బిడ్డా, అలవాటు. నేను, మా షమీమ్ రోజూ ఒక్క చాయే ఇద్దరం తాగేటోళ్లం."

క్యాంటీన్లో చక్కెర వేసేవాళ్లే గానీ, కలపడానికి చెంచా ఉండేది కాదు. పై సగం నీ గ్లాసులో పోసుకుని, అడుగుది నాకిచ్చి, "జల్దీ తాగు, గంట కొడ్తరు" అనేదానివి. క్యాంటీన్ చాయ్ ఎంత తీపో అనుకునేదాన్ని.

ఇవాళ నీ సగం కూడా నేనే తాగాను. చప్పగా ఉంది. రోజూ ఇదే తాగావా, షమీమ్?