సగం కడిగిన పలక

అమ్మకి,

గొంతులో గొట్టం పెట్టాక నువ్వు మాట్లాడలేవు, నీ గదిలోకి నన్ను రానివ్వరు. పై అంతస్తు ల్యాబులో నేను, కింద నువ్వు, మధ్యలో టపా మోస్తున్న నర్సమ్మ. ఎదురుగా ఉంటే చెప్పలేనేమో, అందుకే రాస్తున్నాను.

సోమవారం అద్దం అవతల నిలబడి చప్పట్లు కొట్టాను, గుర్తుందా? "ఊదారంగే వచ్చిందమ్మా, ఇక మందు పట్టేస్తుంది" అని పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. నువ్వు తలూపావు. అది నిజం కాదమ్మా.

నీ కఫంలో దొరికిన బ్యాక్టీరియా చుట్టూ ఒక గోడ ఉంటుంది. చక్కెర పోగులు, వాటిని అడ్డంగా కలిపి కట్టే చిన్న చిన్న ప్రొటీన్ ముడులు. ఒక రకం బ్యాక్టీరియాకి ఈ అల్లిక పొర మీద పొరగా మందంగా ఉంటుంది. మేము గాజుపలక మీద ఊదారంగు వేసి, అయోడిన్ పోసి, ఆపైన స్పిరిట్‌తో కడుగుతాం. మందపు గోడ ఊదాను వదలదు. ఆ ముడులు పడకుండా చేసే మందులు మన దగ్గర చాలా ఉన్నాయి. ముడి పడకపోతే గోడ నిలవదు, జీవి లోపలికి నీళ్లు చేరి పగిలిపోతుంది. రెండో రకానికి గోడ పలచనే, కానీ దానిపైన ఇంకో కొవ్వుపొర ఉంటుంది. నువ్వు కుట్టే కోటును తిరగేసి, లోపలి అస్తరు పైకి వచ్చేలా తొడుక్కున్నట్టు. స్పిరిట్ తగిలితే ఊదా పోయి, చివర వేసే గులాబీరంగు పట్టుకుంటుంది. ఆ పైపొర చాలా మందుల్ని గడప తొక్కనివ్వదు.

ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని చేసే పని. ఆ రోజు నీ పేరున్న పలక మీద స్పిరిట్ పోస్తూ, ఊదా కారిపోతుంటే చూడలేక గబుక్కున నీళ్లు కుమ్మరించి స్పిరిట్ పని ఆపేశాను. సగం కడిగిన పలకలో అన్నీ ఊదాగానే కనిపిస్తాయి. తెలిసీ నమ్మి, నీ అద్దం దగ్గరికి పరిగెత్తాను. తిరిగొచ్చాక మా పెద్దసారు ఆ పలక చూసి, "దీన్ని కడిగావా, జోకొట్టావా?" అని తనే మళ్లీ చేశారు. గులాబీ వచ్చింది. రిపోర్టు సరిగ్గానే వెళ్లింది. ఆ బ్యాక్టీరియాని పెంచి మందుబిళ్లలు పెట్టిన పళ్లెంలో, మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ మిగలాల్సిన ఖాళీ ఎక్కడా లేదు, అంచుదాకా పెరిగేసింది. ఇక మందుల్లేవమ్మా. డాక్టరుగారు చేతులు ముడుచుకుని కూర్చోలేక ఇంకా సూదులు వేస్తున్నారు. నాకేమీ తోచడం లేదు.

నీ చిన్నది

*

పిచ్చితల్లీ,

అస్తరు ముక్క బాగుంది. మామూలుగా తిరగేసిన కోటు ఎన్నాళ్లో నిలవదు. ఈ పురుగుది నిలిచింది, వెధవది.

ఆదివారమే డాక్టరుకి రాసి చూపించాను, ఇక సూదులొద్దు, నా మానాన నన్ను పోనివ్వండని. సరేనన్నాడు. మర్నాడు నువ్వు అద్దం అవతల గంతులేశావు. నీ మొహం చూశాక, కానివ్వండి అన్నాను. నా చేతుల్లో సూది దిగడానికి నరం మిగల్లేదు. అయినా పొడిపించుకున్నాను, నువ్వు చెప్పావు కదా అని. నాకూ మళ్లీ బతకాలనిపించింది. సూదుల కన్నా అదే ఎక్కువ నొప్పెట్టింది.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. తిడదామన్నా గొంతు లేదు.

డాక్టరుకి మళ్లీ చెప్పాను. రేపు పొద్దున ఊపిరి మిషన్ తీసేస్తారు. నిన్ను లోపలికి పంపమన్నాను, ఒప్పుకున్నాడు. మాస్కూ గౌనూ వేసుకునే రా. వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడుపొస్తే ఏడువు. అద్దం అవతల నవ్విన ఆ నవ్వు మాత్రం తేకు.

అమ్మ