పట్టుచీరల గోడౌన్‌లో రాగి గడ్డి

ఫిబ్రవరి 9, ఆదివారం

హోసూరు వర్తకుల సంఘం మీటింగ్. మా ఆయన శ్రీరంగయ్యే ప్రెసిడెంట్. నేను లేచి ఒక్క మాట అన్నాను. వరద వచ్చాక పాత చీరలు మూటలు కట్టి పంపేకన్నా, ఇప్పుడే పశువులకు రాగి గడ్డి కొని పెడదాం. కోతలు అయ్యాయి, గడ్డి చవక. పోయిన వరదలో కెలవరపల్లి డ్యామ్ కింద పల్లెల గడ్డివాములన్నీ ఏట్లో కొట్టుకుపోయాయి కదా అన్నాను.

అంతే. నేను ఊరికి కీడు కోరుతున్నానట. పాత్రల అంగడి జయరామప్ప, ఎవురూ చావకముందే ఇంట్లో పాడె కట్టి పెట్టుకుంటామా అమ్మా అని అడిగాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా! మరి అంగడికి ఫైర్ ఇన్సూరెన్స్ ఎందుకప్పా, నిప్పంటుకోవాలనా అన్నాను. బోండాలు వచ్చాయి. మీటింగ్ అయిపోయింది. సిగ్గులేని జనం.

ఫిబ్రవరి 10

ఆయన నాతో మాట్లాడటం లేదు. కాఫీ అడగడానికి మాత్రం నోరు వచ్చింది.

ఫిబ్రవరి 14, పొద్దున 6

పాలు పోసే మునివెంకటమ్మకు మీటింగ్ సంగతి చెప్పాను. ఆమెది కెలవరపల్లి పక్కనే. క్యాన్ కింద పెట్టి కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ చెప్పనిది అప్పుడు చెప్పింది. వరదప్పుడు ఆవులకు మేతే లేదట. మా సంఘం ఇచ్చిన మూట విప్పి చీరలు దండెం మీద ఆరేస్తే, పెద్దావు ఆకలికి ఒక నైలాన్ చీర నమిలి మింగేసిందట. కడుపు ఉబ్బి చచ్చిపాయమ్మా, డాక్టరు కోసి చూస్తే అంతా చీర ముక్కలే అంది. మీరు మంచి మనసుతో ఇచ్చినారు, ఎట్ల చెప్పేది అంది. ఇప్పుడు మిగిలింది ఒక్క ఆవు. అదీ చూలుది.

నా ఒళ్లు మండిపోయింది. ఆ మూటల పక్కన నిలబడి ఈ సంఘం వాళ్లు దిగిన ఫోటో ఇంకా మా చీరల అంగడి గోడ మీదే ఉంది. పీకి పారేశాను.

ఫిబ్రవరి 22

వేప్పనపల్లి పోయి రెండు లారీల గడ్డి నేనే తెచ్చాను. యాడ దించేదమ్మా అని డ్రైవర్ అడిగాడు. మా గోడౌన్‌లో అన్నాను. ఆయన పరిగెత్తుకొచ్చి, ఉగాది స్టాక్ వస్తోంది, పట్టుచీరలు ఎక్కడ పెట్టాలి అని అరిచారు. మన మంచం మీద అన్నాను. అక్కడే పెట్టించాను. ఆయన పడక హాల్లోకి మారింది. జయరామప్ప ఫోన్ చేసి, మీ ఇంటామె వరదను పేరు పెట్టి పిలస్తా ఉంది అన్నాడట.

అక్టోబర్ 21

డ్యామ్ గేట్లు ఎత్తుతారని పల్లెల్లో ఆటో మైకు తిరుగుతోందట. మునివెంకటమ్మ ఆవునీ దూడనీ తోలుకుని మా గోడౌన్ ముందుకు వచ్చేసింది. వెనక ఇంకా వస్తున్నారు. తలుపులు బార్లా తీసి పెట్టాను.

రానీ.