కప్పు గెలిచారు, కంప తీయలేదు

3 ఫిబ్రవరి 2016, బుధవారం

సినిమా బాగోలేదు. కాలేజీ మొత్తంలో ఈ మాట అన్నది నేనొక్కదాన్నే.

హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి మరీ వేశారు సారు. ఇంగ్లీషు సినిమా, తెలుగు డబ్బింగు. ఏదో దేశం. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు. కోడిగుడ్డు ఆకారంలో ఒక బంతి, దాన్ని చంకలో పెట్టుకుని పరుగు. కాసేపు ద్వేషం, కాసేపు ప్రాక్టీసు, ఆఖర్న కప్పు. కప్పు చేతికి రాగానే అందరూ కావలించుకున్నారు. వెనక వయొలిన్లు. పక్కన హేమ నా చున్నీతో ముక్కు తుడుచుకుంది.

ఎవరి భూమి ఎవరు లాక్కున్నారో, ఎవరిని ఏ వీధిలోకి రానివ్వలేదో... ఒక్క ముక్క లేదు. నల్ల ఆటగాడు సినిమా అంతా నవ్వుతూనే ఉన్నాడు. అతని బదులు నా దవడ నొప్పి పుట్టింది.

బస్సులో హేమ — "నీది గుండె కాదే, బండరాయి."

"గుండె సంగతొదిలెయ్. మైదానం గేటు బయట పల్లీలమ్మే ముసల్దాన్ని సూసినావా? మొదట్లో గేటు బయటే. కప్పు గెలిసినాకా గేటు బయటే."

చూడలేదట.

4 ఫిబ్రవరి

అమ్మ — "ఏటే గుంటా, సినిమా సూసొచ్చిన కాడ్నుంచీ మొకం అలగెట్టినావు?"

"ఆకర్న కావలించేసుకున్నారమ్మా."

"మంచిదే కదేటి?"

"కంప ఎవుడూ తియ్యలేదు."

"ఆల సినిమాలో కంపేటే!" అని నవ్వి చేపల గంప ఎత్తుకుంది. తారురోడ్డు మీదుగా, ఊరంతా చుట్టి. ఆటోవాడు వాసనని ఎక్కించుకోడు. ఆ చుట్టు తిరిగేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, కవళ్ళ చేపలు మెత్తబడిపోతాయి.

గట్టు దారైతే మా పేట నుంచి హేమ వాళ్ళ ఊరికి ఒక పాట పాడుకునేంత దూరం. ఆ దారికి అడ్డంగా తుమ్మకంప వేయించింది హేమ వాళ్ళ తాత. గంపల్లోంచి కారిన ఉప్పునీళ్ళకి తన మినుము మాడిపోయిందట. అందరి మినుమూ మాడింది ఆ ఏడు, వాన లేక. కంప వేసింది కూడా కార్తీకంలో. ఆ నెల వాళ్ళు చేప ముట్టరు, నష్టం లేదు. కార్తీకం పోయింది. కంప పోలేదు.

6 ఫిబ్రవరి, శనివారం

హేమ పుస్తకాల సంచీలో ఎండు నెత్తళ్ళ పొట్లం పెట్టాను, ఎప్పటిలాగే.

"తాత ఏటంటన్నాడే?"

"ఏటంటాడు, రొండోసారి కూర ఏయించుకుంటన్నాడు. ఎక్కడివని మాత్రం అడగడు."

ఇద్దరం నవ్వాం. బస్టాండు బెంచీ మీద, కడుపు పట్టుకుని. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

8 ఫిబ్రవరి

సారుకి ఆలోచన వచ్చింది. సారుకి ఆలోచన వస్తే ముందు ఫ్లెక్సీ వస్తుంది.

హేమ కంప గొడవ చెప్పేసిందట. ఇక ఆయనకి నిద్ర పట్టలేదట. ఆదివారం పొద్దున్న హేమ వాళ్ళ ఊరి బడిలో అదే సినిమా వేస్తారు. మధ్యాహ్నం కబడ్డీ — మా పేట పిల్లలూ, వాళ్ళ ఊరి పిల్లలూ. నేనొక కెప్టెన్, హేమ ఒక కెప్టెన్. ఆఖర్న నేనూ తాతా చేతులు కలపాలి.

"ఆట చేసే పని పంచాయితీ చేయలేదమ్మా."

"దారి సంగతి ఎప్పుడు మాట్లాడతాం సార్?"

"ముందు మనసులు కలవనీ."

మనసులు కలిస్తే అమ్మ ఏ దారిన నడుస్తుంది? అడిగాను. సారు ఫోను మోగింది.

ఆడతాను. ఆట ఎప్పుడూ వదులుకోను. చెయ్యి కలపడం సంగతి... చూస్తాను.

11 ఫిబ్రవరి

అమ్మ లెక్క ఒకటుంది. చేప కొన్న ఇల్లు వేరు, గంప దించిన ఇల్లు వేరు.

నిండు గంప ఒంటిగా దించలేం. గుమ్మంలో నిలబడి "గంప దించండమ్మా" అని కేకేయాలి. ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి అంచు పట్టాలి. దించుతుంటే చేప నీళ్ళు వాళ్ళ మోచేతుల దాకా కారతాయి. ఆ నీళ్ళకి మొహం ముడుచుకోని ఇల్లే మన ఇల్లు. అమ్మ పాతికేళ్ళుగా ఊళ్ళని కొలిచేది దీంతోనే.

హేమ వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ దించడం లేదు. గంప దించినవాళ్ళు తన గుమ్మం తొక్కొద్దన్నాడు తాత. అమ్మ ఆ ఊరు దాటి పై ఊళ్ళకి పోతోంది.

ఆ సినిమాలో లేనిది ఇదే. చేతులు చాలా కలిపారు. ఎవరి చేతికీ తడి అంటలేదు.

14 ఫిబ్రవరి, ఆదివారం

గెలిచాం. ముందు అది రాసుకోవాలి.

పొద్దున్న సినిమా. ముందు వరసలో తాత, ప్లాస్టిక్ కుర్చీలో. నేను తెర చూడలేదు, తాతనే చూశాను. కప్పు గెలిచి కావలించుకునేసరికి కండువా కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. పక్కాయనతో — "ఓలమ్మో, ఆ నల్లోల్లని ఎంతలాగ ఏడిపించీసినారో! మడిసి మడిసే కదేటి!"

నిజంగానే ఏడ్చాడు. నటన కాదు. అదే నాకు మింగుడు పడటం లేదు. ఆ బడి కిటికీలోంచి చూస్తే కంప కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆట. మేం ఇసకలో ఆడినవాళ్ళం, అక్కడ గట్టి నేల. మోకాళ్ళు గీరుకుపోయాయి. అయినా కూతకెళ్ళిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని అంటి వచ్చాను. ఒక్క హేమకే దొరికిపోయాను. నా చీలమండ దానికి కంఠతా వచ్చు. "సచ్చినావే" అంది, నా మీద పడి, నవ్వుతూ.

తర్వాత వేదిక. సారు మైకులో — "చారిత్రాత్మక కరచాలనం!" తాత చెయ్యి చాపాడు. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి.

మైకు అందుకున్నాను.

"సెయ్యొద్దు తాతా. రేపు మా యమ్మ గంప నాను ఎత్తుకొస్తాను. మీ గుమ్మంలో దించండి. సాలు."

తాత పక్కపక్కలకి చూశాడు.

"ఓస్, అంతే కదేటే గుంటా. రా."

చప్పట్లు. ఫొటో. సారు కళ్ళు తుడుచుకున్నారు.

హేమ చప్పట్లు కొట్టలేదు. గేటు దగ్గర పట్టుకుంది — "మైకులోనేటే? మా తాతని? ఊరందరి ముందర?"

"ఊరందరి ముందరే కదే కంపేసినాడు."

గేటు తోసుకుని వెళ్ళిపోయింది.

15 ఫిబ్రవరి, సోమవారం

అమ్మ గుడ్డ చుట్టి కుదురు చేసి నా తలమీద పెట్టింది. "మెడ తిప్పీకు. కల్లు తిప్పు. ఎమ్మే సదువుతన్నావు, ఇది రాదేటి?"

వచ్చింది. బరువు తలమీద కాదు, నడుములో ఉంటుందని పది అడుగులకే తెలిసింది. తారురోడ్డు మీద ఎవరో స్కూటరు ఆపి మరీ చూశారు. చూడనీ.

తాత గుమ్మం. "గంప దించండమ్మా!" గొంతు బాగానే వచ్చింది, కూత పెట్టే గొంతు కదా.

తాత లోపల మంచం మీదే ఉన్నాడు. కాళ్ళు కనిపిస్తున్నాయి. కదల్లేదు. దగ్గు మాత్రం వినిపించింది.

హేమ వాళ్ళమ్మ గడప దాకా వచ్చి, గుసగుసగా — "ఇప్పుడొద్దే తల్లీ. మావ ఉన్నాడు. రేపు సంతకెల్తాడు, అప్పుడు రా. దించీస్తాను."

"నిన్న రమ్మన్నాడు కదా పిన్నీ."

"నిన్న మైకు ఉంది కదేటి."

అంతలో హేమ. జడ వేసుకుంటూ ఉన్నది, సగం జడతోనే పరిగెత్తుకొచ్చింది. గంప అంచు మీద రెండు చేతులూ వేసింది. నిన్న నా చీలమండ పట్టుకున్న చేతులే.

"నాను దించుతాను. వొంగు."

"నువ్వు కాదు."

"ఏటి?"

"రమ్మన్నది నువ్వు కాదు. తాత."

ఆ చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత తీసేసింది. మోచేతి దాకా నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

గంప మోసుకుని వెనక్కొచ్చేశాను.

సాయంత్రం

అమ్మకి చెప్పాను. శభాష్ అంటుందనుకున్నాను.

"దించుతానన్న పిల్లని వొద్దన్నావా?"

"తాత దించాలి కదమ్మా."

"ఒసే, గంప దిగాల. ఏ సెయ్యైతే ఏటి? ఆ ముసిలోడి మొకం సూడ్డానికి ఎల్నావా, సేప అమ్మడానికి ఎల్నావా?" మెత్తబడ్డ కవళ్ళకి ఉప్పు పట్టిస్తూ అంటోంది, నా వైపు చూడకుండా.

ముసలాయన వచ్చి, అందరూ చూస్తుండగా, వంగి, అంచు పట్టి... ఆ సినిమాని తిట్టిన నోటితోనే నేనూ అదే ముగింపు అడుగుతున్నానా? వయొలిన్లు లేవంతే.

అయినా సగం మాటే ఒప్పుకుంటాను. తాత సంతకెళ్ళాక దొంగచాటుగా దిగే గంప నాకక్కర్లేదు. ఎండు నెత్తళ్ళ పొట్లాలు చాలు అందుకు.

హేమ చేతులు దొంగచేతులు కావు. అదీ నిజమే. తాత వింటుండగానే వేసింది.

16 ఫిబ్రవరి, తెల్లవారుతోంది

ఇవాళ సంత. వాళ్ళ ఊళ్ళోంచి సంతకెళ్ళేవాళ్ళందరూ బస్సుకోసం నిలబడేది గట్టు దారి మొదట్లోనే, కంపకి అటుపక్క. తాత కూడా అక్కడే ఉంటాడు, బస్సు వచ్చేదాకా.

గంప సర్దమన్నాను. అమ్మ కుదురు చుడుతూ — "రోడ్డంట జాగ్రత్త. లారీలు."

రోడ్డంట వెళ్ళడం లేదు. గట్టు మీదే వెళ్తాను. కంప దగ్గర ఆగి, ఇటుపక్క నుంచి కేకేస్తాను — ఈసారి "దించండమ్మా" అని కాదు, హేమని పేరు పెట్టి. దాని ఇల్లు అక్కడికి వినపడేంత దగ్గరే.

వస్తుందో రాదో. వస్తే, కంప మీంచి చేతులు చాపుతుందో, కంపనే పక్కకి లాగుతుందో. తాత బస్సెక్కుతాడో, నిలబడి చూస్తాడో.

మెడ నొప్పిగా ఉంది. నిలబడగలను.