రాయి తిప్పి చూడనివాళ్లు

మార్చి 3
వాగును పైపులోకి ఎక్కిస్తారట. రెండు కిలోమీటర్ల పైపు, చివర టర్బైన్. పైన పట్టిన నీళ్లు కింద వదిలేస్తాం కదా బావా, నష్టమేముంది అంటాడు బావమరిది. ఆ ప్రాజెక్టు ఇంజనీరు వాడే. మధ్యలో రెండు కిలోమీటర్లూ ఎండిపోతుందిరా అంటే, అక్కడున్నవి రాళ్లే, రాళ్లకు దాహమా అన్నాడు. మా ఆవిడ నవ్వింది. తమ్ముడు ఏమన్నా నవ్వుతుంది.

రాళ్లకు కాదు. రాళ్ల కింద వేలెడంత చేప ఉంటుంది. రెక్కలు పళ్లెంలా పరిచి, పొట్టతో రాయిని పట్టేసుకుంటుంది. మనిషి నిలబడలేని వడిలో తాపీగా నాచు గీక్కుని తింటుంది. ఆరేళ్ల కిందట వంతెన దగ్గర లాడ్జి దుప్పట్లు ఉతికే ఆవిడ చూపించేదాకా, జువాలజీ చెప్పే నాకే తెలియదు.

మార్చి 9
ప్రాజెక్టు నివేదిక వచ్చింది. నూట నలభై పేజీలు. అరవై ఒకటో పేజీలో ఒక్క ముక్క: గత సర్వే ప్రకారం ఈ భాగంలో చేపలు లేవు.

ఎవడు చూశాడు? ఎప్పుడు చూశాడు? అభివృద్ధి అనేస్తే ఇక ఎవడూ నోరెత్తకూడదా? పేపరుకు వ్యాసం పంపాను. ‘లేవు’ అని రాసినవాడు అమ్ముడుపోయినవాడో, ఒళ్లు వంచనివాడో అయ్యుండాలని రాశాను. ప్రజా విచారణ పద్దెనిమిదిన. వాణ్ణి అందరి ముందూ కడిగేస్తాను.

మార్చి 12
వ్యాసం పడింది. స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు నన్ను చేపల మాస్టారూ అని పిలుస్తున్నాడు. పిలవనీ.

మార్చి 14, ఉదయం 6.30
విచారణలో చూపించే వీడియో కోసం దుప్పట్లావిడతో వాగులోకి దిగాను. ఒక్క రాయి తిప్పింది, మూడు చేపలు. మరి సర్వేవాళ్లకు ఎందుకు దొరకలేదో అన్నాను. వలలో ఎందుకు పడుతుంది సారూ, ఇదేమన్నా ఊళ్లు తిరిగే చేపా, రాయి తిప్పి చూడాలి, చదువుకున్నోళ్లకు నడుం వంగదేమో అంది. తర్వాత అడిగింది: నీళ్లు పోతే నా దుప్పట్లు ఎక్కడ ఉతకాలి, మీ పేపర్లో ఆ ముక్క లేదేం?

ఫోను మళ్లీ రాయి మీదికి తిప్పాను. వీడియో తీస్తున్నాను.

మార్చి 17, సాయంత్రం
బావమరిది వచ్చాడు. కాఫీ కూడా వద్దన్నాడు. పాత సర్వే కాపీ టేబుల్ మీద పెట్టి, రేపు అక్కడ చూసేకంటే ఇక్కడే చూడు బావా అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు.

ఇరవై రెండేళ్ల కిందటిది. ఏడు చోట్ల వలలు. చేపలు: లేవు. కింద కోడిగీతల సంతకం. ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ పోల్చుకోలేరు.

నాది.

గుర్తొచ్చింది. నీళ్లు చలికి కోసేస్తున్నాయి. ఒడ్డునుంచే వల విసిరాం. ఖాళీగా వచ్చింది. జీపు హారన్ కొడుతోంది. ‘లేవు’ అని రాసి ఎక్కేశాను.

మా ఆవిడ ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మార్చి 18, ఉదయం 8
ఆ సర్వే నాదే. తప్పు రాశాను. ఇదిగో చేప. విచారణలో చెప్పాల్సినవి మూడే వాక్యాలు. ఇంతకంటే పెద్దవి ఎన్ని అరిచానో.

మార్చి 18, మధ్యాహ్నం 3
గంటసేపు మాట్లాడాను. పెట్టుబడి, కుమ్మక్కు, దోపిడీ. చప్పట్లు కొట్టారు. వీడియో చూపించాను. అధికారి ఓపిగ్గా విన్నాడు. ఫోన్లో తీసింది ఏ వాగుదో ఎలా చెప్పమంటారు, ఆ సర్వే చేసినాయనే వచ్చి తప్పయిందంటే వేరు, ఆయనెవరో మీకేమన్నా తెలుసా అని అడిగాడు.

బావమరిది నా వైపు చూశాడు. వెనక వరసలో దుప్పట్లావిడ కూడా చూస్తోంది.

తెలియదన్నాను. గ్లాసులో నీళ్లు తాగి కూర్చున్నాను.

మరుసటి ఏడాది, అక్టోబర్ 30
గేటు దించి వాగును పైపులోకి తిప్పేశారు. దుప్పట్లావిడ లాడ్జి పని పోయిందట. లెక్కల మాస్టారు చెప్పాడు.

నవంబర్ 2
వంతెన కిందికి దిగి ఒక రాయి తిప్పాను. నడుం బాగానే వంగింది.

చేప ఎండిపోయింది. అయినా రాయిని వదల్లేదు.