మా అమ్మాయి ముట్టని ఇంజన్

బావగారూ,

క్షేమసమాచారాలు అక్కని అడిగి తెలుసుకుంటాను. మీతో మాత్రం నాకు పోట్లాటే.

మా అమ్మాయిని మీ షెడ్డులో చేర్చుకున్నప్పుడు ఏమన్నారు? "వారంలో రెండు రోజులు క్లాసు, మిగతా రోజులు నా దగ్గర పని. జీతానికి జీతం, సర్టిఫికెట్‌కి సర్టిఫికెట్. రెండేళ్లలో మెకానిక్‌ని చేసి చూపిస్తా, మరదలా!" అన్నారు. చూపించారు లెండి! వచ్చిన రోజు నుంచీ పిల్ల చేత కార్లు కడిగిస్తున్నారు, ఫోన్లు ఎత్తిస్తున్నారు. బానెట్ ఎత్తబోతే "చేతులు పాడవుతాయమ్మా" అంటారట. మీ అబ్బాయికి మొదటి రోజే పానా ఇచ్చారే, వాడివి ఇనప చేతులా?

అది ఇంట్లో పాఠాలు పైకి చదువుతుంటే, కూరలు తరుగుతూ విన్న నాకే సగం వచ్చేసింది. దాని చేతికి మాత్రం ఇంతవరకూ గ్రీజు అంటలేదు. వచ్చే నెల పరీక్షలో చెడిపోయిన బండి ముందు నిలబెట్టి బాగుచెయ్యమంటారు. అప్పుడు కడిగి చూపించమంటారా? ఆ పరీక్ష తప్పితే రెండేళ్లూ మట్టిలో కలిసినట్టే.

ఈ ఉత్తరం మీ కారు సీటు మీద దొరికింది కదా. ఇక కారు కదలదు. ఏం పీకానో అమ్మాయికి కూడా చెప్పలేదు. ఇంకెవరి చేతా ముట్టించకండి. దాని చేతే బానెట్ ఎత్తించి, పక్కన నిలబడి నేర్పించండి. అది కనిపెట్టేదాకా నడిచి తిరగండి, పొట్టైనా తగ్గుతుంది.

అక్క మీద అరవకండి. అడగ్గానే తాళం చేతిలో పెట్టిందంటే, మీ మీద తనకెంత మండుతోందో చూసుకోండి.

మీ ఆవిడ చెల్లెలు