నెమలికంఠం రంగు గిటారు

ధర్మవరం, 1966 ఆగస్టు, గురువారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. పదహారేళ్ళుగా నాతో మాటల్లేని తమ్ముడి కొడుకు రమణ ఈరోజు మా గడప తొక్కాడు. బెంగళూరు హోటల్లో పాటలు వాయిస్తాడు, అక్కడ కరెంటు గిటారు చేయించుకుంటున్నాడట. దానికి కావాలనుకునే రంగులన్నీ చీటీలో రాసుకొచ్చాడు. కార్లకు కొట్టే ఎరుపు, బంగారు పొడి కలిపినది, నడుమ పసుపుగా ఉండి అంచుల్లో నల్లబడేది. అన్నింటి కిందా నెమలికంఠం అని రాసి రెండు గీతలు గీశాడు.

"చెక్కకు పడుగూ పేకా యాడుండాయప్పా? పట్టు నేతలో నీలం పడుగులో పచ్చ పేక పడితేనే ఆ రంగు. పోయి మీ నాయన్నే అడుక్కో. నేను అద్దిన రంగు తనదని షావుకార్లకు చెప్పుకున్న మొనగాడు కదా!" అన్నాను.

వాడు నవ్వలేదు. "అడిగినా పెదనాయనా. అది అన్న రంగు, నాకు రాదు, ఆయప్పనే అడుగు అన్యాడు."

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కాచుకున్నాను. తీరా వస్తే, "నాకూ తెలీదు, పో" అని పంపేశాను. ఇన్ని పుస్తకాలు చదివాను, తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఏం చేయాలో ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

ఇందాక పెట్టెలోంచి ఆనాటి నెమలికంఠం పట్టుముక్క తీసి దీపం ముందు తిప్పి చూశాను. మెరిసే నీలం మీద పచ్చరంగు పలచగా పూస్తే చెక్కకైనా వస్తుంది.

వాడి బస్సు పొద్దున ఆరింటికి. చెప్పాలంటే అంతకుముందే వాళ్ళ తలుపు తట్టాలి. ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది తమ్ముడే.