ముసలి గొర్రె మాంసం ఏం చేయాలి?

జోల్వా, ఆదివారం రాత్రి

నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. రాసేదీ చదివేదీ ఈ ఐలయ్యే కాబట్టి సర్దుకోవాలి.

ఊరు విడిచొచ్చి ఇక్కడ సాంచాల మీద బట్ట నేసే మనవాళ్లకు నేనూ నా భార్య లచ్చవ్వా ఇన్నేళ్లుగా మెస్ నడుపుతున్నాం. ఇవాళంత సిగ్గు ఎన్నడూ పడలేదు. ఈనడం మానేసిన ముసలి గొర్రె మాంసం చవకగా వస్తే తెచ్చాను. ఎంత ఉడికించినా ముక్క మెత్తబడలేదు.

"తాతా, గిది మటనా, సాంచ బెల్టా?" అన్నాడు మెస్సుకొచ్చే సాగర్. అందరూ నవ్వారు. చేయి కడుక్కుంటూ వాడే, "వచ్చే ఐతారం గూడ గిట్లనే పెడితే పక్క మెస్సుకు పోతం" అన్నాడు. వాడు పోతే వాడి రూములో వాళ్లంతా వెంట పోతారు.

వండగా మిగిలిన మాంసంలో కొంత సన్నగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించాను. తునకలుగా ఎండితే చింతపులుసులో వేయొచ్చు, అప్పుడు ముసలిదా లేతదా అని ఎవరూ అడగరు. దారం కట్టి మేడ మీద ఆరేయమని లచ్చవ్వకు ఇచ్చాను. ఆమె కార్ఖానాలో పారేసిన రంగు దారం తెచ్చి దానికి గుచ్చింది. సాయంత్రానికి దారం రంగు దిగి తునకలన్నీ గులాబీ రంగు!

"రంగు దారమేందే?" అన్నాను.

"దారం గట్టుమంటివి, గట్టిన. ఏ దారమో జెప్పినవా? నోట్లె మాట నోట్లెనే దాసుకొని నా మీద గరమైతవేంది!"

అన్నీ పారేశాం. ఇంకా ఒక తొడ ఫ్రిజ్‌లో ఉంది. ఖీమా కొట్టిద్దామంటే, అంత చవకగా తెచ్చిన ఆ కసాయి దుకాణంలోనే మళ్లీ అడగడానికి నాకు నోరు రాదు. కూర వండితే మళ్లీ బెల్టే. ఈ తొడ ఏం చేద్దామని పొద్దున లచ్చవ్వ అడుగుతుంది. ఐలయ్యా, ఆలోపే జవాబు చెప్పు, జర జల్దీ.